సముద్రం అడుగున మట్టి పొరలు – మంచు వ్రాసిన చరిత్ర



మన సరిహద్దు సీమలో ఒకే మాట రెండు రూపాల్లో వినిపిస్తూ ఉంటుంది. చెరువులోకి నీటితోపాటు వచ్చి అడుగున పేరుకునే మట్టిని తెలుగులో పూడిక అంటాము. కన్నడంలో హూళు అంటారు. తెలుగు పాలు కన్నడంలో హాలు అయినట్లే, పువ్వు హూవు అయినట్లే, పూడు అన్నది హూళు అయింది. రెండూ ఒక తల్లి బిడ్డలే. రెండు భాషల్లోనూ ఆ మాట వినగానే రైతు నొసలు ముడిపడుతుంది. పూడిక అంటే నీరు నిలిచే చోటు తగ్గడం, కాలువ చివరి పొలానికి తడి అందకపోవడం.

అయితే ఇదే పూడికను భూగర్భ శాస్త్రజ్ఞులు మరో కన్నుతో చూస్తారు. వారికి అది పేజీలు విడిపోని పుస్తకం. అడుగున ఉన్న పొర ముందు పడింది, దాని పైది తరువాత పడింది. ఈ చిన్న సూత్రం పట్టుకుని పై నుంచి క్రిందికి చదువుకుంటూ పోతే నిన్నటి వాన నుంచి కోట్ల సంవత్సరాల క్రిందటి చలికాలం దాకా లెక్క దొరుకుతుంది. ఈ విధంగా చదవదగిన పుస్తకాల్లో చాలా పెద్దవి సముద్రం అడుగున ఉన్నాయి. వాటిలో రెండింటిని గురించి ఈనాడు చెప్పుకుందాము. ఒకటి మన తెలుగు తీరానిది. రెండవది అంటార్కిటికా తీరానిది. ఈ రెండు తీరాలూ ఒకప్పుడు ఇరుగుపొరుగు. చివరకు ఈ కథ మన తుంగభద్ర దగ్గరకే వచ్చి నిలుస్తుంది.

ముందుగా సముద్రపు అడుగు ఎలా ఉంటుందో చూద్దాము. తీరం నుంచి లోపలికి పోతే నేల ఒక్కసారిగా లోతు కాదు. కొంత దూరం వాలు తక్కువగా, అరుగులాగా ఉంటుంది. దీనిని ఖండపు తీరపుటరుగు అనుకోవచ్చు. ఆ అరుగు అంచు దాటగానే నేల వేలమీటర్ల లోతుకు జారిపోతుంది. ఆ జారుడే ఖండపు వాలు. నదులు తెచ్చిన మట్టిలో అరుగు మీద నిలవనిది ఈ వాలు మీద పరుచుకుంటుంది. అక్కడ అలల తాకిడి లేదు, నాగలి లేదు, గాలి లేదు. అందుచేత పడిన పొర పడినట్లే ఉండే అవకాశం ఎక్కువ.

నది మట్టిని ఎలా మోస్తుందో మనకు తెలుసు. హగరి ఇసుకలో నడిచిన వారందరూ చూసినదే. ప్రవాహం జోరుగా ఉన్నచోట గులకరాళ్ళు ఆగుతాయి, కొంచెం నెమ్మదించిన చోట ఇసుక ఆగుతుంది, నీరు నిలిచినచోట మెత్తటి ఒండ్రు దిగుతుంది. అంటే నది చేట పట్టుకుని చెరిగినట్లు బరువును బట్టి విడదీస్తుంది. సముద్రపు వాలు దాకా చేరేది చాలావరకు సన్నటి బంకమట్టి.

మంచు అలా చెయ్యదు. హిమానీనదం అంటే మంచు గడ్డే నదిలాగా నెమ్మదిగా కదలడం. అది తన కింది రాతిని గీకుతుంది, నూరుతుంది, పెకలిస్తుంది. పిండి వంటి రాతిపొడి నుంచి ఇల్లంత బండదాకా ఏది దొరికితే అది, ఏరకుండా, చెరగకుండా మూటకట్టుకుని పోతుంది. కరిగినచోట ఆ మూట దించేస్తుంది. కాబట్టి మెత్తటి బురదలో అక్కడక్కడ పెద్ద రాళ్ళు కూరుకుని ఉన్న పొర కనిపిస్తే, ఆ రాళ్ళ మీద ఒకే దిక్కుకు గీతలు ఉంటే, ఇది మంచు చేసిన పని అని శాస్త్రజ్ఞులు గుర్తుపడతారు.

ఈ గుర్తును మన దేశంలోనే చాలా ముందుగా పట్టుకున్నారు. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతంలో 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ కలిసి పనిచేశారు. బురదరాతిలో పెద్ద పెద్ద గుండ్లు పొదిగినట్లున్న పొర చూసి, ఇది మంచు తెచ్చినది కావచ్చునని చెప్పారు. ఎండలు మండే దేశంలో మంచు ఏమిటని అప్పట్లో ఆశ్చర్యపోయిన వారు చాలామందే. తరువాత 1870ల దశకంలో చంద్రాపూర్‌కు సమీపాన, పెన్‌గంగ తీరాన ఇరాయి వద్ద ఆ గుండ్ల పొర కింద ఉన్న సున్నపురాతి నేల మీద బారులు తీరిన గీతలు కనిపించాయి. మంచు తన కింది నేలను గీకిన జాడ అది. పెన్‌గంగ అంటే మన ఆదిలాబాదు సరిహద్దు నదే. అంటే తెలుగునేల గుమ్మంలోనే మంచుయుగపు సాక్ష్యం ఉన్నదన్నమాట.

ఈ తాల్చేరు పొరల వయస్సు సుమారు 30 కోట్ల సంవత్సరాలు. ఆనాడు భారతదేశం ఇప్పటిచోట లేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండంగా దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. ఆ మంచు కరిగిన తరువాత వచ్చిన చిత్తడి అడవులే క్రమంగా బొగ్గు అయినాయి. గోదావరి లోయలో అడుగున తాల్చేరు పొర, దానిపైన బొగ్గు ఉన్న పొరలు వరుసగా కనిపిస్తాయి. సింగరేణి గనుల్లో దొరికే బొగ్గు మంచు వదిలిపోయిన నేల మీద పెరిగిన అడవులదే. మన బళ్ళారి గుట్టల గ్రానైటు వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు గనుక, ఆ మంచు వచ్చేనాటికే అవి ముసలి కొండలు.

ఇక విడిపోవడం సంగతి. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం మన తూర్పుతీరమూ, అంటార్కిటికా తూర్పుభాగమూ ఒకదానినుంచి ఒకటి విడిపోయాయి. చింపిన కాగితం రెండు ముక్కలను కలిపి చూస్తే గీతలు కలిసినట్లు, ఈ రెండు తీరాల మీది గుర్తులు కలుస్తాయి. మన తూర్పు కనుమల్లోని ఖోండలైటు, చార్నోకైటు జాతి రాళ్ళు అక్కడా ఉన్నాయి. అంటార్కిటికాలో ప్రిడ్జ్ అఖాతం అనే చోటికి వెనుక లాంబర్ట్ హిమానీనదం పారే లోయ ఉన్నది. మన మహానది, గోదావరి లోయల వంటి పగులు లోయే అది. ఆ లోయ పక్క కొండల్లోనూ సింగరేణి కాలపు బొగ్గు పొరలు ఉన్నాయి. మనదేశపు మూడవ అంటార్కిటికా కేంద్రం భారతి 2012లో ఈ ప్రిడ్జ్ అఖాతపు ఒడ్డున, లార్స్‌మన్ కొండల్లో ఏర్పడింది. ఆ చోటును ఎంచుకోవడంలో ఈ పాత చుట్టరికమూ ఒక కారణం.

ఇప్పుడు ఈ రెండు తీరాల సముద్రపు వాలులను పోల్చి చూడండి. ఒకే ఇంట పుట్టి, ఒకరు ఎండల దేశానికి, ఒకరు మంచుదేశానికి పోయిన అన్నదమ్ముల వంటివి అవి. ఒకదానికి మట్టి తెచ్చింది వానలు, నదులు. మరొకదానికి తెచ్చింది మంచు. చిత్రమేమిటంటే ఈ రెండింటినీ త్రవ్వి చూసినదీ ఒకే ఓడ. జాయిడీస్ రెజల్యూషన్ అనే ఆ పరిశోధన నౌక 2000 సంవత్సరం మొదటి నెలల్లో ప్రిడ్జ్ అఖాతంలో పనిచేసింది. 2006లో మన కృష్ణా గోదావరి తీరానికి వచ్చింది. సముద్రం అడుగులోకి గొట్టం దించి, మట్టిని పొర చెదరకుండా కడ్డీలాగా పైకి తీసే యంత్రాలు దానిలో ఉండేవి. 2024లో ఆ ఓడ పరిశోధన యాత్రలు ముగిశాయి.

ప్రిడ్జ్ అఖాతంలో మూడుచోట్ల గొట్టం దించారు. తీరపుటరుగు మీద తీసిన మట్టిలో అడుగుభాగాన మంచు జాడ లేదు. మొక్కల అవశేషాలు, పుప్పొడి ఉన్నాయి. అంటే అంటార్కిటికా ఒకప్పుడు పచ్చని దేశం. ఆపైన మంచు తెచ్చిన రాళ్ళ పొరలు మొదలవుతాయి. ఈ మార్పు జరిగింది సుమారు 3 కోట్ల 40 లక్షల సంవత్సరాల ప్రాంతంలో అని ఇటువంటి పొరలన్నీ కలిసి చెబుతున్నాయి.

రెండవ చోటు వాలు మీద, 1,640 మీటర్ల నీటి అడుగున ఉన్నది. అక్కడ 447 మీటర్ల మందం త్రవ్వారు. లాంబర్ట్ హిమానీనదం చలి ముదిరిన కాలాల్లో అరుగు మొత్తం దాటి అంచుదాకా వచ్చేది. తాను మోసుకొచ్చిన రాయి, బురద అంతా అంచు మీద నుంచి వాలులోకి తోసేది. బరువెక్కిన ఆ బురద జారి, విసనకర్ర విప్పినట్లు వాలు మీద పరుచుకునేది. మంచు వెనక్కు తగ్గిన కాలంలో దానిమీద సన్నటి బురద పలుచగా పడేది. మందపు రాళ్ళపొర, మళ్ళీ పలుచటి మెత్తటి పొర. ఈ వరుసే మంచు రాకపోకల దినచర్య.

ఈ పొరల వయస్సు ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. ఒక మార్గం సూక్ష్మజీవులు. సముద్రంలో కంటికి ఆనని జీవుల గుల్లలు నిత్యం అడుగుకు రాలుతూ ఉంటాయి. ఏ జాతి ఏ కాలంలో ఉండేదో తెలిస్తే పొర వయస్సు తెలుస్తుంది. రెండవ మార్గం అయస్కాంతం. ఇనుము ఉన్న రేణువులు బురదలో దిగేటప్పుడు దిక్సూచి ముల్లులాగా ఉత్తరదక్షిణాలకు తిరిగి నిలుస్తాయి. భూమి అయస్కాంతపు ఉత్తర దక్షిణాలు అప్పుడప్పుడు తారుమారైనాయి. చివరిసారి అలా జరిగింది సుమారు 7 లక్షల 80 వేల సంవత్సరాల క్రితం. ముల్లు తిరగబడిన పొర ఎక్కడ ఉన్నదో చూస్తే ఆ తేదీ దొరికినట్లే. ఇనుప కొండల మధ్య బ్రతికే మనకు ఈ లెక్క తేలికగానే అర్థమవుతుంది.

ఈ విధంగా చూసినప్పుడు ఒక సంగతి బయటపడింది. ప్రిడ్జ్ వాలు మీది ఆ విసనకర్ర పొరల్లో అధికభాగం సుమారు 8 లక్షల సంవత్సరాలకు పూర్వమే పడినవి. ఆ తరువాతి మంచుయుగాల్లో లాంబర్ట్ మంచు అరుగు అంచుదాకా వచ్చిన సందర్భాలు తక్కువ. అంటే అంటార్కిటికా మంచు కదలనిది, మార్పులేనిది అనుకోవడానికి వీలులేదు. అది పెరిగింది, తగ్గింది, దారి మార్చుకున్నది. దానికి చరిత్ర ఉన్నది గనుక భవిష్యత్తూ ఉంటుంది.

ఇక మన వైపు చూద్దాము. 2006లో కృష్ణా గోదావరి వాలు మీద ఆ ఓడ వెదికింది సముద్రం అడుగున మంచుగడ్డ రూపంలో ఉండే మీథేన్ వాయువును. ఒకచోట బంకమట్టి పగుళ్ళలో ఆ గడ్డలు 100 మీటర్లకు మించిన మందాన దొరికాయి. అదే యాత్రలో గోదావరి ముఖానికి ఎదురుగా, సుమారు 1,270 మీటర్ల లోతు నుంచి తీసిన మరొక మట్టికడ్డీ ఇంకో రకంగా పనికివచ్చింది. దాని పై ఎనిమిదిన్నర మీటర్లలో గత 11 వేల సంవత్సరాల చరిత్ర ఉన్నది. అంటే ఏడాదికి మిల్లీమీటరు కంటే తక్కువ మందం.

ఆ బురదలో మొక్కల ఆకుల మీది మైనం దొరికింది. జొన్న, సజ్జ వంటి మెట్ట గడ్డిజాతులు గాలిలోని కార్బన్‌ను ఒక తీరుగా తీసుకుంటాయి, చెట్లు మరొక తీరుగా తీసుకుంటాయి. మైనంలో ఆ తేడా నిలిచి ఉంటుంది. దాన్ని చదివిన శాస్త్రజ్ఞులు 2012లో ఇలా చెప్పారు. సుమారు 4,000 సంవత్సరాల క్రితం నుంచి గోదావరి పరీవాహక ప్రాంతం పొడిబారడం మొదలైంది, సుమారు 1,700 సంవత్సరాల క్రితం నుంచి అది మరింత ముదిరింది. 2017లో వెలువడిన ఇంకొక పరిశోధన ప్రకారం, వానలు తగ్గిన ఆ కాలంలోనే దక్కను నుంచి కొట్టుకువచ్చే మట్టి మాత్రం పెరిగింది. నేలను కప్పి ఉంచే పచ్చదనం పలుచబడటం, మనిషి సేద్యం విస్తరించడం అందుకు కారణాలుగా చూపారు. మన సంగనకల్లు గుట్టల మీద రాతి గొడ్డళ్ళు నూరుకుని, పశువులు కాచుకుని, పైరు పెట్టిన ప్రజల కాలం కూడా ఇంచుమించు ఇదే.

సముద్రమట్టం మాట కూడా చెప్పుకోవాలి. చివరి మంచుయుగం ముదిరినప్పుడు, అంటే సుమారు 20 వేల సంవత్సరాల క్రితం, నీరంతా మంచుగా ఖండాల మీద నిలిచిపోయి ప్రపంచ సముద్రం దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. మన తీరపుటరుగు చాలామేరకు బయటపడి, నదులు దానిమీదుగా పారి మట్టిని నేరుగా వాలులోకి పోసేవి. మంచు కరిగి సముద్రం తిరిగి పైకి వచ్చి కుదుటపడిన తరువాతే, గత ఆరేడు వేల సంవత్సరాల్లో ఇప్పటి కృష్ణా, గోదావరి డెల్టాలు పెరిగాయి. కాబట్టి మన కోస్తావారి వరి పొలాలను నిర్మించినవారు ఇద్దరు. నీటిమట్టం నిలిపింది మంచు. మట్టి పోసింది నది.

ఇప్పుడు ఆ ఇద్దరి తీరూ మారింది. 1900 నుంచి ఇప్పటిదాకా ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇటీవల ఆ పెరుగుదల వేగం హెచ్చింది. అంటార్కిటికా మంచు మొత్తంలో 50 మీటర్లకు పైగా సముద్రాన్ని పెంచగల నీరు ఉన్నది. అంతా కరగడం మన తరాల మాట కాదు గాని, అందులో నూరో వంతు కరిగినా అర మీటరుకు పైగా లెక్క. మరోవైపు నది తెచ్చే మట్టి సముద్రం దాకా పోవడం లేదు. జలాశయాల్లో ఆగిపోతున్నది. మట్టి అందని డెల్టాను అలలు కోస్తాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్ళు, రోడ్లు సముద్రంలో కలిసిపోవడం తెలిసినదే.

ఆగిపోయిన ఆ మట్టి ఎక్కడున్నదో మనకంటే బాగా తెలిసినవారు లేరు. తుంగభద్ర జలాశయం 1953లో నిండినప్పుడు దాని సామర్థ్యం దాదాపు 133 టి.ఎం.సి.లు. 2016 సర్వే ప్రకారం అది 105.788 టి.ఎం.సి.లు. శ్రీశైలం మొదట 308 టి.ఎం.సి.లు, తరువాత 215కు పడిపోయింది. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు పోతున్న నీటిని చూసి మూడు రాష్ట్రాలూ తల్లడిల్లాయి. పూడిక మింగిన 27 టి.ఎం.సి.ల చోటు మాత్రం చప్పుడు లేకుండా పోయింది. ఎగువ కాలువ నీటికి ఎదురుచూసే అనంతపురం రైతుకూ, దిగువ కాలువ మీద ఆధారపడిన ఆలూరు, ఆదోని రైతుకూ, మన సిరుగుప్ప వరిరైతుకూ ఆ నష్టం సమానమే.

తీసివేస్తే పోలేదా అంటారా? లెక్క వేసి చూద్దాము. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. 27 టి.ఎం.సి.లు అంటే 76 కోట్ల ఘనపు మీటర్ల మట్టి. ఒక లారీకి 10 ఘనపు మీటర్లు పట్టినా 7 కోట్ల 60 లక్షల లారీలు. రోజుకు వెయ్యి లారీలు ఆగకుండా ఎత్తినా 200 సంవత్సరాలకు పైగా పడుతుంది. ఈలోపల కొత్త పూడిక వస్తూనే ఉంటుంది. కాబట్టి మట్టిని జలాశయంలో కాక, పొలంలోనే ఆపాలి. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు నిలుపుకోవడం, వాగుల మీద చిన్న అడ్డుకట్టలు, గుట్టల మీద చెట్టు, గడ్డి మిగల్చడం, ఊరి చెరువు పూడికను వేసవిలో ఎత్తి పొలానికి తోలుకోవడం – ఇవన్నీ మన పెద్దలు చేసినవే. చెరువు మట్టి తోలిన మడి ఎలా పండుతుందో చెప్పడానికి శాస్త్రజ్ఞుడు అక్కరలేదు.

ఇందులో కన్నడ, తెలుగు అన్న తేడాకు చోటు లేదు. శివమొగ్గ కొండల్లో చెట్టు పోతే హోస్పేట దగ్గర చోటు పోతుంది. హగరి గట్టు కోసుకుపోతే ఆ మట్టి శ్రీశైలంలో తేలుతుంది. అక్కడ ఆగినందువల్ల హంసలదీవి దగ్గర తీరం చిక్కిపోతుంది. రాష్ట్రాల మధ్య నీటి వాటాలకు పంచాయితీలు ఉన్నాయి. మట్టికి ఏ వాటాలూ లేవు, పోయిన మట్టిని తిరిగి తెచ్చే తీర్పూ లేదు.

మంచు ఎప్పుడు ముందుకు వచ్చిందో, ఎప్పుడు వెనుకకు పోయిందో ప్రిడ్జ్ అఖాతపు వాలు దాచిపెట్టింది. మన పూర్వులు అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టిన కాలాన్ని గోదావరి ఎదుటి వాలు దాచిపెట్టింది. మన తరం పొర తుంగభద్ర అడుగున ఇప్పుడు పడుతున్నది. దానిని ఎంత పలుచగా ఉంచగలిగితే, మన పిల్లలకు అంత నీరు మిగులుతుంది. రానున్న తొలకరికి ముందే మీ పొలం గట్టు ఒకసారి చూసుకొండి.